రెండు బిందువుల మధ్య దూరం: ఈ వర్గాలు ఎందుకు?

ప్రశ్న:
మా పాపకి నిరూపక జ్యామితి మొదలైంది. ఎ(−3, 2), బి(5, −4) మధ్య దూరం సూత్రంలో (అడ్డం, నిలువు తేడాల వర్గాలు కలిపి వర్గమూలం తీయడం) వేస్తే 10 వచ్చింది, బాగానే ఉంది. కానీ తను అడిగేది వేరు: "అడ్డంగా 8, నిలువుగా 6 అయితే 14 కావాలి కదా, మధ్యలో వర్గాలు ఎందుకు?" బట్టీ పట్టమనడం నాకిష్టం లేదు. ఎలా చెప్తే అర్థమవుతుంది?

జవాబు 1:
పాప మంచి ప్రశ్న వేసిందండి. ముందు సూత్రం పక్కన పెట్టి గ్రాఫ్ పేపర్ తీయండి. ఎ నుంచి కుడివైపు 8 గళ్లు జరిగితే (5, 2) వస్తుంది. అక్కడ్నుంచి కిందికి 6 గళ్లు దిగితే బి. ఆ మలుపులో లంబకోణం ఉంది చూడండి, కిటుకంతా అక్కడే. 14 అనేది గళ్ల వెంబడి చుట్టూ తిరిగి వెళ్లిన దారి. మనకు కావాల్సింది ఎ నుంచి బికి నేరుగా గీసిన గీత, అంటే ఆ త్రిభుజపు కర్ణం (లంబకోణానికి ఎదురుగా ఉన్న భుజం). పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తం: 64 + 36 = 100, వర్గమూలం 10. సూత్రంలో ఉన్నది ఇంతే.

జవాబు 2:
అడ్డం తేడా కోసం 5 − (−3) రాసేటప్పుడు బ్రాకెట్ తప్పకుండా పెట్టించండి. పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. ఏ బిందువులోంచి ఏది తీసేయాలన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు, −8 వర్గం కూడా 64 కదా.

ప్రశ్న అడిగినవారు:
మలుపు చూపించగానే పట్టేసింది! (1, 1), (4, 5) ఇస్తే బొమ్మ గీసుకుని తనే 5 అని చెప్పింది. మూడో అక్షం కూడా ఉంటే?

జవాబు 1:
ఆ మూడో అక్షం మీది తేడా వర్గాన్ని కూడా కలిపి, మొత్తానికి వర్గమూలం తీయడమేనండి.