సమస్య: “ఓడినట్టి వాడె యోడలేదు”

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, మిగతా మూడూ మీరు పూరించాలి.

ఓడినట్టి వాడె యోడలేదు

విషయం డీసీ, మార్వెల్ అనే రెండు అమెరికన్ కామిక్స్ సంస్థల వీరులు ఒకరి లోకంలోకి ఒకరు అడుగుపెట్టే కామిక్సులు. రెండు సంస్థలు కలిసి అచ్చువేసే కథలో ఎవరి వీరుడూ చిన్నబోకూడదు. కొట్టుకోకపోతే పాఠకుడు కొనడు. ఈ ఇరకాటం నుంచే పాదం పుట్టింది. ఎన్నికల మీదో క్రికెట్ మీదో పూరిస్తే పద్యం ఎంత బాగున్నా పక్కన పెడతాను. పోయిన వారం పడ్డది చాలు.

పాతకాగితం:
1976 నాటి సూపర్‌మ్యాన్ (డీసీ), స్పైడర్‌మ్యాన్ (మార్వెల్) పోరు మీద నా పూరణ.

ఎర్ర కిరణ బలిమి నెగిరెను సాలీడు
ఉక్కుమనిషి తోడ యుద్ధమాడి
చివర జట్టు కట్టెఁ జెడ్డవారినిఁ బట్ట
ఓడినట్టి వాడె యోడలేదు

రాసినది జెరీ కాన్వే, బొమ్మలు రాస్ ఆండ్రూ. పెద్ద సైజు పుస్తకం, వెల 2 డాలర్లు. మామూలుగా అయితే స్పైడర్‌మ్యాన్ గుద్దితే సూపర్‌మ్యాన్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకని సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్ దొంగచాటుగా ఎర్ర సూర్యుడి కిరణం ప్రసరింపజేసి స్పైడర్‌మ్యాన్‌కు బలం ఇస్తాడు. ఆ కాసేపూ సూపర్‌మ్యాన్ ఎగిరి పడతాడు. కిరణం ప్రభావం తగ్గాక గుద్దినవాడి చేతులే నొప్పెడతాయి. తర్వాత ఇద్దరూ కలిసి లూథర్‌ను, స్పైడర్‌మ్యాన్ శత్రువు డాక్టర్ ఆక్టోపస్‌ను ఎదుర్కొంటారు.

యతిభంగం:
యతులు కుదిరాయి. కానీ “సాలీడు” తర్వాత “ఉక్కు” అని అచ్చుతో మొదలుపెట్టి సంధి వదిలేశారు. చదువుతుంటే అక్కడ కాలు తట్టుకుంటుంది. చివరి పాదం ముందు ఉన్న విసంధిని సమస్య ఇచ్చినవారి ఖాతాలో వేసి క్షమిస్తాను, రెండో పాదానికి ఆ సాకు లేదు. ఇలా మార్చి చూడండి:

సూర్యశక్తివానిఁ జుట్టి కొట్టి

ఇంకో మాట. ఓడింది ఎవరో పద్యంలో లేదు.

పాతకాగితం:
సవరణ శిరోధార్యం. రెండో మాటకు మాత్రం ఒప్పుకోను. ఎవరు ఓడారో ఆ పుస్తకమే చెప్పలేదు, నేనెలా చెప్పను? మన గయుడి కథలో కృష్ణార్జునులు తలపడితే శివుడు వచ్చి ఆపవలసి వచ్చింది. ఇక్కడ లూథర్ కిరణం తగ్గిపోవడమే ఆ పని చేసింది.

గణగణ:
నాది 1996లో డీసీ, మార్వెల్ వీరుల మధ్య జరిగిన ఓట్ల పోరు.

ఓట్లు లెక్కగట్ట నోడె నాయకుడట
గబ్బిలంపువాడు గద్దెనెక్కె
పిడికిలి పని కాదు పెట్టెయె గెలిచెను
ఓడినట్టి వాడె యోడలేదు

ఆ ఏడాది 11 పోరాటాల్లో 5 పాఠకుల ఓట్లతో తేలాయి. నాయకుడంటే మార్వెల్ వీరుడు కెప్టెన్ అమెరికా. డీసీ వీరుడు బ్యాట్‌మ్యాన్ చేతిలో ఓడాడు. పెట్టె అంటే ఓట్ల పెట్టె.

నిర్వాహకుడు:
ఎన్నికలు వద్దంటే ఓట్లు తెచ్చారు! అయినా విషయంలోనే ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నాను. మూడో పాదం దొడ్డది. మార్వెల్ వుల్వరిన్, డీసీ లోబోల పోరు గుర్తుందా? బారు కౌంటరు వెనక పడ్డారు, దెబ్బలు మనకు కనిపించనే లేదు, పైకి లేచింది వుల్వరిన్. పెట్టె గెలిచిందనడానికి అంతకన్నా రుజువు ఏముంటుంది?

కొత్తగొంతు:
మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

సుత్తిసామి నణచె సూర్యబలుడు నాడు
కడకు వాని సుత్తె యతనికయ్యె
చేతఁ బట్టి కొట్టఁ జెదరెను శత్రువు
ఓడినట్టి వాడె యోడలేదు

డీసీ జట్టు జస్టిస్ లీగ్, మార్వెల్ జట్టు ఎవెంజర్స్ కలిసిన కథ. సుత్తి పట్టే మార్వెల్ వీరుడు థోర్‌ను సూపర్‌మ్యాన్ పడగొడతాడు. చివరి సంచికలో అదే థోర్ సుత్తి, కెప్టెన్ అమెరికా డాలు పట్టుకుని సూపర్‌మ్యాన్ యుద్ధం చేస్తాడు. పోరు ముగిశాక ఆ సుత్తిని మళ్లీ ఎత్తబోతే కదలదు.

యతిభంగం:
రెండో పాదంలో “క”కు నాలుగో గణం మొదట “య” వచ్చింది. యతి తప్పింది. “కావలె గద” అంటే సరి:

కడకు వాని సుత్తె కావలె గద

ఇక భావం గురించి. గెలిచినవాడికి ఓడినవాడి ఆయుధం లేకుండా గడవలేదు. ముగ్గురిలో సమస్యను నిజంగా విప్పింది మీరే. మిగతా ఇద్దరూ ఓటమిని పక్కకు నెట్టారు, మీరు ఓటమిని ఉంచి దాని విలువ తీశారు.

పాతకాగితం:
ఆ కథ 1983లోనే రావలసింది. జార్జ్ పెరెజ్ బొమ్మలు మొదలుపెట్టాక రెండు సంస్థలకూ కథ మీద పొసగక ఆగిపోయింది. 2003లో కర్ట్ బ్యూసిక్ రచనకు మళ్లీ పెరెజే బొమ్మలు వేశారు. బ్యాట్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా అందులో కాసేపు తలపడి, సమ ఉజ్జీలమని గ్రహించి మాటల్లోకి దిగుతారు. గణగణ గారి పెట్టెకు అది ఆలస్యంగా వచ్చిన జవాబు.

గణగణ:
పెట్టె మూసేశాను.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం కొత్తగొంతుకు, సవరించిన పాఠంతో. “సుత్తి”, “సుత్తె” రెండూ ఒకే పద్యంలో వాడటం మీద వాదన ఉంటే విడిగా పెట్టుకోండి. వచ్చే వారం కందపాదం ఇస్తాను. ప్రాస “బ్బి”. గబ్బిలాన్ని అప్పుడే వదలను.