పాత ఏఎంఆర్, ఆర్‌ఎం ఆడియో ఫైళ్లను ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చా?

స్వరపేటిక:
పాత బటన్ ఫోన్‌లోని మెమరీ కార్డులో మా తాతయ్య రికార్డింగులు దొరికాయి. చుట్టరికాలు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఆయన చిన్ననాటి సంగతులు అన్నీ ఆయన గొంతులోనే ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు కాబట్టి ఇవి పోతే ఇక అంతే. ఇవన్నీ ఏఎంఆర్ ఫైళ్లు. ఇంకో పాత సీడీలో ఆర్‌ఎం, ర్యామ్, డబ్ల్యూఎంఏ అని రకరకాలు ఉన్నాయి, వాటిలో సగం అసలు తెరుచుకోవడమే లేదు. ఒక ఆన్‌లైన్ కన్వర్టర్‌లో పెడితే ఎంపీ3 వచ్చింది గానీ గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు వినిపిస్తోంది. బిట్‌రేటు, అంటే సెకనుకు వాడే డేటా, 320 కేబీపీఎస్ పెట్టి మళ్లీ చేస్తే బాగుపడుతుందా? అసలు ఇంట్లోవాళ్ల మాటలు ఎవరిదో సర్వర్‌కి ఎక్కించడం మంచిదేనా? పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

నీలిగీత:
పాటో, రింగ్‌టోనో అయితే ఆన్‌లైన్‌లో మార్చుకోండి, పర్లేదు. ఇంటి మాటలు మాత్రం వద్దు. "కొన్ని గంటల్లో డిలీట్ చేస్తాం" అని సైటువాళ్లు రాస్తారు, నిజంగా చేశారో లేదో మనం చూడలేం కదా. వీఎల్‌సీ అనే మీడియా ప్లేయర్ వేసుకోండి, ఉచితమే. అందులో మీడియా మెనూలో కన్వర్ట్ అని ఉంటుంది, నెట్ లేకపోయినా పని చేస్తుంది.

తీగలపందిరి:
నీలిగీత గారి మాటే నాదీ. ఆ సైట్లలో చాలావాటి వెనక నడిచేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామే, 2000 నుంచి ఉంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో కూడా దాని లైబ్రరీ కలుపుకుంటే ఏఎంఆర్, ఆర్‌ఎం రెండూ తెరుచుకుంటాయి. మన కంప్యూటర్‌లోనే జరిగే పనికి తాతగారి మాటల్ని బయటికి పంపడం ఎందుకు?

ఇక 320 సంగతి. అది పెట్టినా లాభం లేదండి. ఏఎంఆర్‌ని ఫోన్ మాటల కోసమే తయారు చేశారు. సెకనుకు 8,000 శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు, అందులోనూ సుమారు 200 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనే నిలుస్తుంది, అత్యధిక బిట్‌రేటే 12.2 కేబీపీఎస్. గంట మాటలు 6 ఎంబీలోపు ఇమిడిపోయేది అందుకే. గొంతులోని పై స్థాయులు రికార్డు చేసినప్పుడే పోయాయి, ఇప్పుడు ఎంత పెద్ద ఎంపీ3 చేసినా ఫైలు సైజు పెరుగుతుందే తప్ప అవి తిరిగి రావు. మీకు వినిపిస్తున్న ఆ డబ్బా గొంతు చాలావరకు అసలు ఫైలుదే, దాని మీద ఎంపీ3 ఇంకొంచెం చెరిపి ఉంటుంది.

కాబట్టి ముందు ధ్వనిని చెరపకుండా దాచే వేవ్‌గానో ఫ్లాక్‌గానో మార్చండి, ఆ దశలో కొత్తగా పోయేది ఏమీ ఉండదు. శాంపిల్ రేటు 8,000, మోనో (ఒకే ఛానల్) అలాగే ఉంచితే గంటకు 58 ఎంబీ దాకా వేవ్ వస్తుంది, అదేం పెద్ద బరువు కాదు. చుట్టాలకు పంపడానికి దాన్నుంచి ఎంపీ3 చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, అసలు ఏఎంఆర్ ఫైళ్లని చెరపకండి. గరగర తగ్గించే పనులు కూడా కాపీ మీదే చేయండి, ఎందుకంటే ఆ ఫిల్టర్లు గరగరతో పాటు మాట చివర్లని కూడా మింగేస్తాయి, పెద్దవాళ్ల మెల్లటి గొంతుల్లో అది బాగా తెలుస్తుంది.

తెరుచుకోని ఏఎంఆర్ ఉంటే దాని కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడండి. పిచ్చి గుర్తులే కనిపిస్తాయి గానీ, మామూలు ఏఎంఆర్ అయితే మొట్టమొదట హ్యాష్, ఆశ్చర్యార్థకం, ఆ వెంటనే ఇంగ్లిష్‌లో ఏఎంఆర్ అని పెద్దక్షరాలు ఉంటాయి. వేవ్ అయితే ఆర్‌ఐఎఫ్‌ఎఫ్ అని ఉంటుంది. పేరు చివర ఏం రాసి ఉందన్నది పట్టించుకోకండి, పేరు మార్చినంత మాత్రాన లోపలి ధ్వని మారదు. మొదటి వరుస సరిగానే ఉండి మధ్యలో ఆగిపోతుంటే కార్డు నుంచి కాపీ సరిగా రాలేదేమో, ఇంకో రీడర్‌తో మళ్లీ కాపీ చేయండి. కార్డు మీద కొత్తగా ఏమీ రాయకండి.

పాతటేపు:
సీడీ గురించి నేను చెప్తాను. ఆర్‌ఎం అంటే రియల్ కంపెనీవాళ్లది. రియల్ఆడియో 1995లో వచ్చింది, మోడెమ్‌ల కాలంలో నెట్‌లో ధ్వని వినాలంటే చాలామందికి అదే దిక్కు. వాటిలో దాదాపు అన్నీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో తెరుచుకుంటాయి.

ర్యామ్ వేరు. దాని సైజు చూడండి, ఒక కేబీ కూడా లేకపోతే అందులో ధ్వని లేనట్టే. అది వట్టి టెక్స్ట్ ఫైలు, లోపల పాట ఉన్న సర్వర్ చిరునామా ఒక్కటే రాసి ఉంటుంది. ఏ కన్వర్టరూ దాన్నుంచి ధ్వని తీయలేదు.

డబ్ల్యూఎంఏలో తెరుచుకోనివి కాపీ రక్షణ ఉన్నవి అయి ఉండొచ్చు. పాత విండోస్ మీడియా ప్లేయర్‌లో సీడీ నుంచి పాటలు ఎక్కించేటప్పుడు రక్షణ పెట్టే ఆప్షన్ ఉండేది, అది టిక్ అయి ఉంటే లైసెన్సు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. వాటి కోసం తెలియని సైట్ల చుట్టూ తిరగకండి, అసలు సీడీ ఉంటే మళ్లీ రిప్ చేసుకోవడమే, అంటే పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడమే తేలిక.

స్వరపేటిక:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ర్యామ్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మీరన్నట్టే ఒక్క లైనే ఉంది, ఆర్‌టీఎస్‌పీతో మొదలయ్యే చిరునామా. దాన్ని వదిలేస్తున్నా. తాతయ్య ఫైళ్లు మాత్రం వేవ్‌లోకి చక్కగా మారుతున్నాయి. ఒక్కటి చూశాను, మార్చిన ఫైళ్లన్నిటికీ ఈరోజు తేదీనే పడుతోంది. ఆయన ఎప్పుడు మాట్లాడారో తెలియకుండా పోతుందేమో?

తీగలపందిరి:
మంచి పని చేశారు, ఇది చాలామంది చూసుకోరు. పాత ఏఎంఆర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో మోడిఫైడ్ తేదీ చూడండి, మామూలుగా రికార్డింగు ముగిసిన సమయం అదే. దాన్ని కొత్త ఫైలు పేరు ముందు రాసుకోండి, సంవత్సరం, నెల, రోజు వరుసలో పెడితే అన్నీ వాటంతటవే క్రమంలో కూర్చుంటాయి. కాకపోతే ఆ ఫోన్‌లో తేదీ సరిగా పెట్టి ఉండాలి, బ్యాటరీ తీస్తే తేదీ మొదటికి వెళ్లే ఫోన్లు చాలా ఉండేవి. అన్నిటికీ ఒకే జనవరి 1 కనిపిస్తే నమ్మకండి, మాటల్లో వచ్చే పెళ్లిళ్లు, పుట్టినరోజుల్ని బట్టి ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. మార్చాక ప్రతి ఫైలు చివరి నిమిషం తప్పకుండా వినండి.