మాసూమ్, అంటే పాపం అంటనివారు, ఎవరు? ప్రవక్తలేనా, ఇమాములు కూడానా?

కర్నూలు మాస్టారు:
మొన్న షియాల మొహర్రం మజ్లిస్ (సంతాప సభ)లో ప్రసంగం విన్నాను. ప్రవక్త (స), ఆయన కూతురు ఫాతిమా గారు, ఆయన తర్వాత నాయకులని షియాలు నమ్మే పన్నెండు మంది ఇమాములు, ఈ పద్నాలుగు మందీ మాసూమ్‌లట. పాపమే కాదు, పొరపాటు కూడా వాళ్ల వల్ల జరగదట. మా సున్నీల్లో ప్రవక్తలు తప్ప మనుషుల్లో ఎవరూ మాసూమ్ కారు. ప్రవక్తల వల్ల కూడా చిన్న పొరపాటు జరగవచ్చని, అల్లాహ్ దాన్ని వెంటనే దిద్దుతాడని మా ఉలమాల్లో (మత పండితుల్లో) చాలామంది అన్నారు. ఖుర్‌ఆన్‌లో 80వ సూరా (అధ్యాయం) అబస చూడండి. మక్కాలోని ఖురైష్ తెగ పెద్దలతో మాట్లాడుతుండగా అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ వస్తే ప్రవక్త (స) ముఖం చిట్లించారు. పొరపాటే లేకపోతే ఆ మందలింపు ఎందుకు దిగింది?

దారుష్షిఫా బిడ్డ:
భాయ్, ఆ ఆయత్ (వాక్యం)లో పేరు ఎక్కడుంది? ‘అతను ముఖం చిట్లించాడు’ అనే ఉంది. అతను బనూ ఉమయ్యా వంశంలో ఒకడని మా షియా తఫ్సీర్లు (వ్యాఖ్యానాలు) చెబుతాయి. 68వ సూరాలో ‘నీది మహోన్నతమైన నడవడి’ అని ప్రవక్తను మెచ్చుకున్న అల్లాహ్, పేదవాణ్ణి చూసి ఆయన మొహం తిప్పుకున్నారని అంటాడా?

కర్నూలు మాస్టారు:
మూడో ఆయత్ చదవండి. ‘నీకేం తెలుసు’ అని ఎదురుగా ఉన్న మనిషిని అడిగినట్టుంది. ఖుర్‌ఆన్ దిగింది ఎవరి మీద?

నెల్లూరు 77:
20:121లో ఆదం (అ) ఆజ్ఞ మీరారని ఉంది కదా.

దారుష్షిఫా బిడ్డ:
దాన్ని మేం తర్కె ఔలా అంటాం. మెరుగైన దారి వదిలారు, అంతే. అది పాపం కాదు. ఇక 33:33లో అహ్లె బైత్‌ను (ప్రవక్త ఇంటివారిని) పూర్తిగా శుద్ధి చేస్తానన్నాడు అల్లాహ్.

కర్నూలు మాస్టారు:
దానికి ముందూ వెనకా ఉన్నది ప్రవక్త భార్యల గురించే.

దారుష్షిఫా బిడ్డ:
ఆ ఒక్క చోట స్త్రీలింగం పోయి పుంలింగ బహువచనం వచ్చింది. అరబీ రాకుండా వాదించకండి.

కర్నూలు మాస్టారు:
అరబీ రాకపోయినా ఈ మాట ఇంట్లో ఏం చేస్తుందో నాకు తెలుసు. మా నాన్నకు షుగర్. ఒక పీర్ సాహెబ్ మందులు ఆపమన్నారు. నేను వద్దంటే ‘ముర్షిద్ (గురువు) మాట తప్పవుతుందా’ అని నాన్న నా మీద కోప్పడ్డారు. చివరికి కాలు తీసేశారు.

దారుష్షిఫా బిడ్డ:
చాలా బాధగా ఉంది భాయ్. కానీ ఆ పీర్ చేసినదాన్ని మా ఇమాముల మీద ఎందుకు వేస్తారు? పన్నెండో ఇమాం గైబత్‌లో (ఎవరికీ కనిపించకుండా) ఉన్నారు. ఈ రోజు మన ముందుండే ఏ ఆలిమ్‌నూ (పండితుణ్ణీ), పెద్ద మర్జాను (అత్యున్నత మతాధికారిని) కూడా మేం మాసూమ్ అనం. నాకు మండేది ఇంకోచోట. ఇమాం పొరపాటు చేయగలరంటే, 680లో ఇమాం హుసైన్ ఖలీఫా యజీద్‌కు బైఅత్ (విధేయతా ప్రమాణం) ఇవ్వకుండా పిల్లలతో సహా, తాను చంపబడ్డ కర్బలాకు వెళ్లడం కూడా లెక్క తప్పిన నిర్ణయమేనని రేపు ఎవరో ఒకరు అంటారు. నాతో పనిచేసేవాళ్లు నా మొహం మీదే అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఖమ్మం:
హుసైన్ (రజి) షహీద్ అని సున్నీలమూ ఏడుస్తాం ఆపా.

కర్నూలు మాస్టారు:
నేనూ అంతే. ఆయన వెళ్లింది తప్పని నా నోట రాదు. కానీ తనకు వచ్చిన మందలింపును దాచకుండా అందరికీ చదివి వినిపించారు కాబట్టే ప్రవక్త (స) మీద నాకు అంత నమ్మకం. ఆ ఆయత్ ఇంకెవరి గురించో అంటే నా చేతిలోంచి అది లాగేసుకున్నట్టే ఆపా. మూడో ఆయత్‌కు మీరింకా జవాబు చెప్పలేదు.