అప్‌డేట్: జీసీసీ 10తో ఆగిపోయిన మా ఫోర్ట్రాన్ సిమ్యులేషన్ కోడ్ ఇప్పుడు బిల్డ్ అవుతోంది

పాత కంపైలర్‌తో ఏళ్ల తరబడి సాఫీగా బిల్డ్ అయిన మా ద్రవప్రవాహ సిమ్యులేషన్ కోడ్, జీసీసీ 10 కంపైలర్‌కు మారగానే ఆర్గ్యుమెంట్ల టైపులు సరిపోలడం లేదన్న ఎర్రర్లతో ఆగిపోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. కారణం తెలిసింది. ఒకే ఫైలులో ఒకచోట రియల్ అర్రేను, మరోచోట ఇంటీజర్ అర్రేను ఎంపీఐ_సెండ్‌కు (సమాంతరంగా నడిచే ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే ఎంపీఐ లైబ్రరీలోని రొటీన్) పంపుతున్నాం. ఇలాంటి పొంతన లేని కాల్స్‌ను 2020లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి జీసీసీలోని ఫోర్ట్రాన్ కంపైలర్ అయిన జీఫోర్ట్రాన్ ఎర్రర్‌గానే పరిగణిస్తోంది.

నా ప్రశ్నకు జవాబుగా మీరు సూచించిన 'ఎఫ్‌అలో-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్' ఫ్లాగ్ వాటిని వార్నింగులుగా మార్చి ఆ రోజుకు గట్టెక్కించింది. అయితే కోడ్ అంతటికీ వర్తింపజేస్తే నిజమైన తప్పులు కూడా వార్నింగుల గుంపులో కలిసిపోతాయన్న భయంతో, మా బిల్డ్ సాధనమైన సీమేక్‌లో ఎంపీఐ కాల్స్ ఉన్న ఫైళ్లకే దాన్ని పరిమితం చేశాను. 10కి ముందరి జీఫోర్ట్రాన్ ఈ ఫ్లాగును గుర్తించదు కాబట్టి వెర్షన్ చూసే షరతు కూడా పెట్టవలసి వచ్చింది. ఆ జాగ్రత్త వృథా కాలేదు: ఫ్లాగ్ లేని ఒక ఫైలులో, డబుల్ ప్రెసిషన్ విలువను అందుకోవలసిన సబ్‌రొటీన్‌కు సింగిల్ ప్రెసిషన్ స్థిరాంకం వెళుతున్నట్టు కంపైలరే పట్టిచ్చింది.

ఇప్పుడు ఒక్కో ఫైలునూ, ఏ టైపు అర్రేనైనా అంగీకరించే ఎంపీఐ_ఎఫ్08 మాడ్యూల్‌కు (ఎంపీఐ కొత్త ఫోర్ట్రాన్ ఇంటర్‌ఫేస్) మార్చి, మారిన ఫైలుకు ఫ్లాగ్ తీసేస్తున్నాను. అందులో కమ్యూనికేటర్లు (ఏ ప్రాసెస్‌ల మధ్య డేటా నడవాలో చెప్పే హ్యాండిళ్లు) ఇంటీజర్లు కావు, వాటికి ప్రత్యేకమైన టైపు ఉంది. అందువల్ల డిక్లరేషన్లు తిరగరాయవలసి వస్తోంది, పని నెమ్మదిగానే సాగుతోంది.