పాత పేపర్‌ని మళ్ళీ చేసి చూడటం ఇండిపెండెంట్ రీసెర్చ్ అవుతుందా?

చివరిబెంచి:
ఈ సెమిస్టర్ ఇండిపెండెంట్ రీసెర్చ్ ప్రాజెక్ట్ తీసుకున్నాను. క్యాష్ రీప్లేస్‌మెంట్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న మెమరీ నిండితే అందులోంచి దేన్ని తీసేయాలన్న సంగతి) మీద సొంత ఐడియా ఒకటి పట్టుకెళ్తే గైడ్ పక్కన పెట్టేశారు. "ముందు ఈ పేపర్‌లో ఫలితాలు నీ మెషీన్ మీద వస్తాయేమో చూడు, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఇంకొకరు చేసేసిన పని మళ్ళీ చేస్తే అందులో నాదేముంది? పేరుకేమో ఇండిపెండెంట్!

సెగ్‌ఫాల్ట్:
ఏమీ లేదు, అది ల్యాబ్ రికార్డు రాయడమే. హఫ్‌మన్ సంగతి వినే ఉంటారు. 1951లో ఎంఐటీలో రాబర్ట్ ఫానో తన క్లాసుకి ఫైనల్ పరీక్ష రాస్తారా, టర్మ్ పేపర్ రాస్తారా అని ఛాయిస్ ఇచ్చారు. పేపర్‌కి ఇచ్చిన సమస్య, సందేశాన్ని అతి తక్కువ బిట్లలో కోడ్ చేయడం ఎలా అన్నది, అప్పటికి ఎవరికీ తేలనిది, ఫానోకీ, ఇన్ఫర్మేషన్ థియరీకి ఆద్యుడైన షానన్‌కీ కూడా. హఫ్‌మన్ తేల్చేశాడు, 1952లో అచ్చయింది. ఈరోజుకీ జిప్ ఫైళ్ళలో ఆ కోడింగే. పాత పేపర్ తిరగతోడుతూ కూర్చుంటే వచ్చేదా అది?

లూప్‌లోపల:
సెగ్‌ఫాల్ట్ గారూ, సమస్య ఇచ్చింది ఫానోయే కదండీ! మీ ఉదాహరణ మీకే అడ్డం తిరిగింది. హఫ్‌మన్ సొంతంగా చేసింది జవాబు.

చివరిబెంచి గారూ, మీది క్యాష్ అంటున్నారు కాబట్టి ఇది చూడండి. 2009లో మిట్కోవిచ్ బృందం అచ్చు వేసిన పేపర్ ఒకటుంది. ప్రోగ్రామ్‌లో అక్షరం మార్చలేదు, యూనిక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు సిస్టమ్ దానికి అందించే సెట్టింగులు) మొత్తం సైజు మాత్రం మార్చారు. అవి మెమరీలో స్టాక్ (ప్రోగ్రామ్ తాత్కాలిక డేటా ఉండే చోటు) కంటే ముందు కూర్చుంటాయి, అందుకని సైజు మారితే స్టాక్ మొదలయ్యే అడ్రస్ జరుగుతుంది, దాంతో అలైన్‌మెంట్ (మెమరీలో డేటా ఏ హద్దు దగ్గర మొదలవుతుందన్నది) మారుతుంది, టైమింగూ మారుతుంది. ఫైళ్ళు లింక్ చేసే వరస మార్చినా అంతే. కంపైలర్ ఆప్టిమైజేషన్ స్థాయిల్లో ఓ2 కంటే ఓ3 వేగమా కాదా అన్న తీర్మానమే తారుమారైంది. అలాంటిది మీ గైడ్ ఇచ్చిన పేపర్‌లో నంబర్లు మీ మెషీన్ మీద నిలబడతాయో లేదో ఎవరు చెప్పాలి? మీరే.

చివరిబెంచి:
నిలబడ్డాయనుకోండి. రిపోర్ట్‌లో ఏం రాయను? "అవునండీ, వచ్చాయి" అనా?

తీగలాగితే:
నిలబడితేనే అసలు పని. వర్క్‌లోడ్ మార్చండి, క్యాష్ సైజు తగ్గించండి, వాళ్ళ పద్ధతిలో ఒక్కో ముక్క తీసేసి చూడండి, ఎక్కడ విరుగుతుందో అక్కడ మీ ప్రశ్న దొరుకుతుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో (ప్రోగ్రామ్ తప్పొప్పులు చేస్తూ, రివార్డులని బట్టి నేర్చుకునే పద్ధతి) హెండర్సన్ వాళ్ళ పేపర్ (2018) గుర్తుందా? ఒకే ఆల్గోరిథమ్, ఒకే సెట్టింగులు, రాండమ్ సీడ్లు (యాదృచ్ఛిక సంఖ్యలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకెలు) మాత్రమే వేరు. పది రన్లని ఐదైదుగా విడదీసి సగటు గీస్తే రెండు గీతలూ రెండు వేరే ఆల్గోరిథమ్స్‌వేమో అన్నట్టు ఉన్నాయి. కొత్త ఆల్గోరిథమ్ ఏదీ కనిపెట్టకుండానే ఆ రంగంలో అందరి చేతా మాట్లాడించారు.

సెగ్‌ఫాల్ట్:
లూప్‌లోపల గారి పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ వీళ్ళంతా చేయి తిరిగినవాళ్ళు, ఈయన చేతిలో ఉన్నది ఒక్క సెమిస్టర్. కోడ్ బయటపెట్టని పేపర్ తగిలితే? రచయితలు మెయిల్‌కి పలకరు, లైబ్రరీ వెర్షన్లు కుదరవు, సగం కాలం ఇన్‌స్టాల్ చేయడంతోనే సరి. చివర్లో "రాలేదు" అంటే తప్పు పేపర్‌దో మీదో ఎవరికీ తెలియదు, మార్కులు మాత్రం మీవే పోతాయి.

లూప్‌లోపల:
ఆ భయం నిజమే. కాబట్టి ఏసీఎం (కంప్యూటింగ్ పరిశోధకుల సంఘం) వాళ్ళు "ఆర్టిఫాక్ట్స్ ఎవాల్యుయేటెడ్" బ్యాడ్జి ఇచ్చిన పేపర్ అయితే నయం, కోడ్‌ని ఎవరో ఒకరు పరిశీలించి ఉంటారు. ఇంకోటి, నంబర్లు రాకపోతే దేనికి మార్కులు వేస్తారో గైడ్‌ని ఇప్పుడే అడిగి ప్రపోజల్‌లో రాయించుకోండి. "చూద్దాంలే" అంటే మాత్రం నేనూ సెగ్‌ఫాల్ట్ గారి వైపే, వేరే పేపర్ అడగండి.

చివరిబెంచి:
కోడ్ ఉంది, బిల్డ్ కూడా అయింది. వాళ్ళు చెప్పిన మెరుగుదలలో నాకు సగం కూడా రావట్లేదు. గైడ్‌కి మెయిల్ పెట్టేస్తున్నా.

తీగలాగితే:
ఆగండాగండి. ప్రీఫెచర్ (కావాల్సిన డేటాని ముందే క్యాష్‌లోకి తెచ్చిపెట్టే భాగం) ఆన్‌లో ఉందా, ఆఫ్‌లోనా? పేపర్‌లో ఏమని రాశారు?