రాడార్ చిత్రంలో ఓడ పక్కకు జరిగి కనిపిస్తోంది, తప్పు ఎక్కడ?

తీరంబాట:
ఎం.టెక్. ప్రాజెక్టు కోసం విశాఖ రేవు బయట ఉన్న ఓడలను సెంటినెల్-1 అనే ఐరోపా రాడార్ ఉపగ్రహం చిత్రాల్లో గుర్తిస్తున్నాను. ఇది ఉదయం ఆరు గంటల ప్రాంతంలో, ఉపగ్రహం ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తూ తీసిన చిత్రం. ఆ చిత్రాలను విశ్లేషించే స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో సీఫార్ పద్ధతి వాడాను, అంటే చుట్టూ ఉన్న సముద్రం కంటే బాగా మెరిసే చుక్కలను ఓడలుగా పట్టేది. లంగరు వేసిన ఓడలన్నీ ఏఐఎస్ (ఓడలు తామెక్కడున్నాయో రేడియోలో తెలిపే వ్యవస్థ) చెప్పిన చోటే ఉన్నాయి. కానీ రేవు వదిలి తూర్పుగా 12 నాట్ల వేగంతో వెళ్తున్న ఓడ మాత్రం 400 మీటర్లకు పైగా దక్షిణాన కనిపిస్తోంది. ఇంకా దక్షిణాన, ఏఐఎస్‌లో ఏ ఓడా లేని నీళ్లలో మూడు చుక్కలు ఓడలుగా నమోదయ్యాయి. చిత్రాన్ని మ్యాప్‌కు సరిపెట్టడంలో నేనే తప్పు చేశానా? సోమవారం మా గైడ్‌గారికి చూపించాలి.

పాతతెర:
మ్యాప్ జోలికి వెళ్లకండి. లంగరు వేసినవి సరిగ్గా కూర్చున్నప్పుడు మ్యాప్ తప్పెలా అవుతుంది?

కింద ఉన్నదేదీ కదలదని ఈ రాడార్ నమ్ముతుంది. ఉపగ్రహం వెళ్లే దిశలో ఒక వస్తువు ఎక్కడుందో డాప్లర్ మార్పును, అంటే దగ్గరవడం, దూరమవడం వల్ల తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యంలో వచ్చే తేడాను బట్టే లెక్క కడుతుంది. ఓడ రాడార్ వైపు వస్తుంటే ఆ డాప్లర్‌లో ఓడ వేగం కూడా కలిసి, ఓడ ముందుకు, అంటే ఉపగ్రహం వెళ్లే వైపుకు జరిగి పడుతుంది. సెంటినెల్-1 తన కుడివైపు చూస్తుంది. దక్షిణానికి వెళ్తున్నప్పుడు కుడివైపు పడమర కదా, అంటే రాడార్ మీ ఓడకు తూర్పున ఉంది. తూర్పుగా వెళ్తున్న ఓడ దాన్ని సమీపిస్తున్నట్టే.

ఇక లెక్క. 12 నాట్లంటే సెకనుకు 6.2 మీటర్లు. ఏటవాలు చూపు వల్ల అందులో రాడార్ వైపు వచ్చేది సుమారు 3.8. ఓడకు ఉన్న దూరం సుమారు 850 కిలోమీటర్లు, ఉపగ్రహ వేగం సెకనుకు 7.5 కిలోమీటర్లు. భాగిస్తే 113, దాన్ని 3.8తో గుణిస్తే 430 మీటర్లు. మీరు చూసిన తేడా అదే. ఓడ వెనక నీటి చార కనిపిస్తే చూడండి, చార అసలు దారిలోనే ఉంటుంది, ఓడ మాత్రం దాన్ని వదిలేసి పక్కన నిలబడుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు అరగంట సేపు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను.

మూడు చుక్కల సంగతి వేరు. బాగా మెరిసే వస్తువులకు ఉపగ్రహ మార్గం వెంట, అటూ ఇటూ నాలుగైదు కిలోమీటర్ల దూరంలో మసక నకళ్లు పడతాయి. మేం వాటిని దెయ్యాలు అనేవాళ్లం. మీ చుక్కల నుంచి ఆ మార్గం వెంట ఉత్తరానికి అంత దూరం కొలిచి చూడండి. రేవు క్రేన్లు తగిలితే దొంగ దొరికినట్టే. ఒకసారి మా జాబితాలో పెట్టిన ‘ఓడ’ కోసం పడవ పంపారు, అక్కడ ఖాళీ నీళ్లే ఉన్నాయి. ఆ మాట నేటికీ గుర్తుచేస్తుంటారు.

అలలలెక్క:
ఇంకొక మాట. సీఫార్‌లో గార్డ్ కిటికీ, అంటే సముద్రం వెలుగు కొలిచేటప్పుడు చుక్క చుట్టూ వదిలేసే భాగం, ఎంత పెట్టారు? 300 మీటర్ల ఖనిజ ఓడకు 200 మీటర్ల కిటికీ పెడితే ఓడ సొంత వెలుగే చుట్టూ ఉన్న సముద్రం లెక్కలో చేరి, ఓడ అని తేల్చే గీత పైకి పోతుంది, అసలు ఓడే జారిపోతుంది. వీహెచ్‌లో, అంటే నిలువుగా కంపించే తరంగం పంపి అడ్డంగా కంపించేదాన్ని అందుకున్న చిత్రంలో కూడా నడపండి. అందులో అలల వెలుగు తక్కువ.

తీరంబాట:
కొలిచాను. రెండు చుక్కలకు ఎదురుగా క్రేన్లే ఉన్నాయి. మూడోదానికి ఉత్తరాన గానీ దక్షిణాన గానీ మెరిసేది ఏదీ లేదు, వీహెచ్‌లోనూ ఉంది. రెండు పిక్సెళ్లే. తీసేయనా?

పాతతెర:
ఎందుకు తీసేయడం? చేపల మరబోటు కావచ్చు. ఏఐఎస్ లేని పడవలు ఆ నీళ్లలో బోలెడు. ‘గుర్తు తెలియనిది’ అని రాసి జాబితాలోనే ఉంచండి.