ఫైర్‌బాల్ రేంజ్ 150 అడుగులు, శత్రువు 160 అడుగుల్లో ఉన్నాడు: తగులుతుందా?

ప్రశ్న

నమస్కారం అండీ. మేం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి పాచికలతో ఆడే ఆట) ఐదో ఎడిషన్, 2014 నాటి పుస్తకంతో ఆడుతున్నాం. నాది విజర్డ్ (మంత్రగాడు) పాత్ర. ఈమధ్యే ఐదో లెవెల్‌కి చేరి ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం (స్పెల్) నేర్చుకున్నాను. కిందటిసారి ఒక్క ఆటలోనే రేంజ్ గురించి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆట సాగాలి కాబట్టి డీఎం (ఆట నడిపే వ్యక్తి) చెప్పినదానికి సరేనన్నాను గానీ, నాకింకా తేలలేదు.

మొదటిది: వంతెనకి అవతల ఓగర్ అనే రాక్షస జీవి నిలబడి ఉంది. మ్యాప్ మీద గళ్ళు లెక్కపెడితే 32, అంటే 160 అడుగులు. ఫైర్‌బాల్ రేంజ్ 150 కదా, అందదన్నారు.

రెండోది: దొంగల నాయకుడి మీద 50 అడుగుల దూరం నుంచి హోల్డ్ పర్సన్ వేశాను. వాడు బిగుసుకుపోయాడు. నేను వెంటనే 30 అడుగులు వెనక్కి పోయాను. ఇప్పుడు మా మధ్య 80 అడుగులు, స్పెల్ రేంజ్ 60, కాబట్టి స్పెల్ తెగిపోయిందన్నారు.

మూడోది: చేతుల్లోంచి మంట చిమ్మే బర్నింగ్ హ్యాండ్స్ స్పెల్‌కి రేంజ్ దగ్గర "సెల్ఫ్" అని రాసి ఉంది. సెల్ఫ్ అంటే నా మీదేగా, మరి నేనూ కాలాలి కదా అని మా క్లెరిక్ (పూజారి పాత్ర ఆడేవాడు) అడిగాడు. దీనికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

జవాబు

మూడింటికీ ముడి ఒక్కచోటే ఉందండీ. రేంజ్ అంటే స్పెల్ వేసే క్షణంలో, ఆ స్పెల్ మొదలయ్యే చోటుదాకా ఉన్న దూరం. ఆ తర్వాత మంట ఎంతమేర పాకింది, మంత్రం తగిలినవాడు ఎంత దూరం పోయాడు అన్నవి ఆ లెక్కలోకి రావు. పుస్తకం పదో అధ్యాయంలో రేంజ్ గురించి చెప్పే భాగం చివర్లో ఈ మాట స్పష్టంగానే ఉంది: స్పెల్ వేయడం అయిపోయాక దాని ప్రభావానికి రేంజ్ అడ్డు కాదు, ఆ స్పెల్ వివరణలో వేరేగా రాసి ఉంటే తప్ప. ఆ పేరా మీ డీఎంకి చూపించండి, సగం చర్చ అక్కడే తీరిపోతుంది.

ఇక ఓగర్ సంగతి. ఫైర్‌బాల్ మీరు ఒక మనిషి మీద వేసే స్పెల్ కాదు, ఒక బిందువు మీద వేసేది. ఆ బిందువు 150 అడుగుల లోపల ఉంటే చాలు. అక్కడి నుంచి 20 అడుగుల వ్యాసార్ధంతో గోళంలా పేలుతుంది. అంటే కేంద్రాన్ని సరిగ్గా 150 దగ్గర పెడితే 170 అడుగులదాకా మంట వెళ్తుంది. 160లో ఉన్న ఓగర్ అందులో నిక్షేపంగా ఉంది. డెక్స్‌టెరిటీ సేవ్ (చురుకుదనంతో తప్పించుకోవడానికి వేసే పాచిక) వేయాల్సిందే, నెగ్గినా సగం దెబ్బ తినాల్సిందే.

మ్యాప్ మీద దీన్ని చూడాలంటే ఒక దారం ముక్క తీసుకుని నాలుగు గళ్ళ పొడవుకి కత్తిరించండి. గడికి 5 అడుగులు కాబట్టి అది 20 అడుగులు. ఒక కొసని కేంద్రం మీద వేలితో నొక్కిపెట్టి రెండో కొసని చుట్టూ తిప్పండి. దారం ఎవరి బొమ్మని తాకితే వాళ్ళు మంటలో ఉన్నట్టే. ఇది నేను ప్రతి ఆటలో చేసే పని. రెండు మూడు ఆటలయ్యేసరికి దారం లేకుండానే కంటికి అందుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. మీ ఫైటర్ ఓగర్ వైపు పరుగెత్తి, మీ ఇద్దరి మధ్య సరళరేఖలో 140 అడుగుల దగ్గర ఉన్నాడనుకోండి. అప్పుడు 160లో ఉన్న ఓగర్‌ని కాల్చి ఫైటర్‌ని వదిలేసే చోటు ఎక్కడా దొరకదు. ఎడమకి జరపండి, కుడికి జరపండి, గాల్లోకి లేపండి, ఓగర్‌కి అందుతూ ఫైటర్‌కి అందకుండా ఉండాలంటే కేంద్రం 150 దాటి తీరాలి. అలాంటప్పుడు ఫైటర్ పక్కకి తప్పుకునేదాకా ఆగడమో, మీరే ఓ 30 అడుగులు ముందుకి నడిచి వేయడమో మేలు. రేంజ్ బలం తెలియడం కన్నా దాని హద్దు ఎక్కడ కరుస్తుందో తెలియడం ఎక్కువ అక్కరకొస్తుంది.

హోల్డ్ పర్సన్ తెగకూడదు. వేసినప్పుడు 50 అడుగులే కదా, షరతు అక్కడితో తీరిపోయింది. ఆ తర్వాత మీరు 80 కాదు, 300 అడుగులు పోయినా అది నిలుస్తుంది. దాన్ని తెంచేవి వేరే ఉన్నాయి. మీ కాన్సన్‌ట్రేషన్ (స్పెల్ మీద నిలిపిన ఏకాగ్రత) పోవడం ఒకటి: దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దిటవు) సేవ్, డీసీ (నెగ్గడానికి కావాల్సిన అంకె) 10 లేదా తిన్న దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది. వాడు తన టర్న్ చివర వేసే విజ్‌డమ్ సేవ్‌లో నెగ్గడం ఇంకొకటి. నిమిషం గడువు తీరడం మూడోది. మీరు వెనక్కి తగ్గి కాన్సన్‌ట్రేషన్ కాపాడుకోవడం మంచి ఎత్తే. దానికి శిక్ష పడకూడదు.

అన్ని స్పెల్స్‌కీ ఇలాగే అనుకోవద్దు. 2014 పుస్తకంలో విచ్ బోల్ట్ రేంజ్ 30 అడుగులు. శత్రువు ఆ 30 దాటినా, పూర్తిగా దేని వెనకైనా దాక్కున్నా ఆ స్పెల్ ఆగిపోతుందని అందులోనే రాసి ఉంది. డాన్సింగ్ లైట్స్ కూడా రేంజ్ దాటితే ఆరిపోతాయి. గాల్లో తేలే ఆయుధాన్ని పుట్టించే స్పిరిచ్యువల్ వెపన్‌లో అలాంటి మాట లేదు. 60 అడుగుల లోపల పుట్టించాలి, అంతే. ఆ పైన బోనస్ యాక్షన్‌కి (వంతులో దొరికే అదనపు పనికి) 20 అడుగుల చొప్పున ఎంత దూరమైనా నడిపించుకోవచ్చు. కాబట్టి స్పెల్ వివరణని చివరి వాక్యందాకా చదవడం తప్పదు.

సెల్ఫ్ విషయం. ఈ మాట రెండు రకాలుగా వస్తుంది. ఉత్త సెల్ఫ్ అని ఉంటే స్పెల్ మీ మీదే పనిచేస్తుంది: షీల్డ్, మిస్టీ స్టెప్ (ఉన్నచోట మాయమై వేరేచోట తేలే స్పెల్) లాంటివి. పక్కన బ్రాకెట్‌లో ఒక ఆకారం ఉంటే మాత్రం, ఆ ఆకారం మీ దగ్గర మొదలవుతుందని అర్థం. బర్నింగ్ హ్యాండ్స్‌కి 15 అడుగుల కోన్ అని, లైట్నింగ్ బోల్ట్‌కి 100 అడుగుల లైన్ అని ఉంటుంది. కోన్, క్యూబ్, లైన్ వీటిలో మొదలయ్యే బిందువు ప్రభావంలో చేరదు, మీరు కావాలని చేర్చుకుంటే తప్ప. అందుకే మీ చేతుల్లోంచి మంట వచ్చినా మీరు కాలరు. గోళం అలా కాదు, అందులో కేంద్రం కూడా భాగమే. ఫైర్‌బాల్‌ని మీ కాళ్ళ దగ్గర పేలిస్తే మీరూ సేవ్ వేయాలి. మీ క్లెరిక్ మంచి ప్రశ్నే అడిగాడండీ.

మళ్ళీ ప్రశ్న

చాలా థ్యాంక్స్ అండీ, దారం ఉపాయం ఇవాళే చేసి చూస్తాను. అయితే ఇంకొకటి. కిటికీ అవతల గదిలో ఉన్నవాడు 40 అడుగుల్లోనే ఉన్నాడు, అద్దంలోంచి కనబడుతున్నాడు. వాడి మీద వేయొచ్చా? రేంజ్ ఉంది, చూపు ఉంది.

జవాబు

రేంజ్, చూపు రెండూ ఉన్నా మూడోది లేదు: అడ్డులేని దారి. స్పెల్‌తో గురిపెట్టాలంటే మీకూ గురికీ మధ్య దారి తెరిచి ఉండాలి. మూసిన కిటికీ పూర్తి అడ్డే, అది గాజుదా చెక్కదా అన్నది లెక్కలోకి రాదు. ప్రచురణకర్తల అధికారిక వివరణల్లోనూ ఇదే మాట ఉంది. ముందు ఎవరైనా అద్దం పగలగొట్టాలి, అప్పుడు మీరు వేయొచ్చు.

మిస్టీ స్టెప్ మాత్రం అద్దంలోంచి పనిచేస్తుంది. దాని గురి మీరే కాబట్టి. 30 అడుగుల లోపల ఖాళీ చోటు కనబడితే చాలు, దారి తెరిచి ఉండక్కర్లేదు. కటకటాల గదిలోంచి బయటపడటానికి ఇంతకన్నా మంచి స్పెల్ ఆ లెవెల్‌లో లేదని నా గట్టి నమ్మకం.

కనబడని చోటుకి ఫైర్‌బాల్ లాంటిది వేశారు, మధ్యలో గోడ ఉందనుకోండి. స్పెల్ వృథా కాదు, గోడకి మీ వైపునే పేలుతుంది. మీ వాళ్ళు ఆ గోడ దగ్గరే నిలబడి ఉంటే చాలా నష్టం, కాబట్టి చీకట్లో వేసేముందు ఒకసారి డీఎంని అడగండి.

మరొక సభ్యులు

నేను చాలా ఏళ్ళుగా డీఎంగా ఉన్నాను, పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. మీ డీఎం పక్షాన ఒక మాట. పాత ఎడిషన్లు ఆడినవాళ్ళకి ఈ తికమక సహజం. అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ మొదటి ఎడిషన్‌లో రేంజ్‌ని అంగుళాల్లో రాసేవారు, అంగుళం అంటే లోపల 10 అడుగులు, ఆరుబయట 10 గజాలు. బొమ్మలతో ఆడే యుద్ధక్రీడల నుంచి వచ్చిన ఆట కదా. అప్పటి ఫైర్‌బాల్ ఇరుకు గదిలో పేలిస్తే, తన ఘనపరిమాణం మేరకు చోటు వెతుక్కుంటూ వసారాలోకి, వేసినవాడి మీదకి తన్నుకొచ్చేది. ఐదో ఎడిషన్‌లో అది లేదు. మూలలు తిరిగి పాకుతుంది గానీ 20 అడుగుల హద్దు దాటదు. ఆ పాత అలవాటుతో ఎవరైనా ఇప్పటి రూల్ చెబితే తప్పు పట్టకండి, ఆట అయ్యాక పుస్తకం తెరిచి కలిసి చదవండి.

మీకు పనికొచ్చేవి ఇంకో రెండు. ఎదుటివాడి స్పెల్‌ని ఆపే కౌంటర్‌స్పెల్ 60 అడుగుల లోపల, కంటికి కనబడే మంత్రగాడి మీదే పనిచేస్తుంది. అవతల విజర్డ్ ఉంటే 65 అడుగుల అవతల నిలబడి వేయండి, మీ ఫైర్‌బాల్‌ని ఆపలేడు. ఇక ఫైర్ బోల్ట్ రేంజ్ 120 అడుగులు కదా అని శత్రువు ఎదురుగా నిలబడి వేయకండి. మిమ్మల్ని చూస్తున్న శత్రువు 5 అడుగుల్లో ఉంటే రేంజ్డ్ అటాక్‌కి (దూరం నుంచి గురిచూసి కొట్టే దాడికి) డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి చిన్న అంకె తీసుకోవడం) వస్తుంది. సేవ్ అడిగే స్పెల్స్‌కి ఆ బాధ లేదు. అలాగే పెద్ద విల్లుకి (లాంగ్‌బో) 150/600 అని రెండు అంకెలుంటాయి, మొదటిది దాటితే డిసడ్వాంటేజ్‌తో కొట్టొచ్చు. స్పెల్‌కి రెండో అంకె లేదు. 120 అంటే 120, 125లో ఉన్నవాడికి ఫైర్ బోల్ట్ అసలు వేయలేరు.

చివరి ప్రశ్న

ఎగిరేవాళ్ళని ఎలా కొలవాలి? మా తర్వాతి ఆటలో వైవర్న్ వచ్చేలా ఉంది. నేల మీద 40 అడుగులు, ఎత్తు 50 అడుగులు అయితే కూడి 90 అనాలా?

జవాబు

కూడకండి. ఐదో ఎడిషన్ గ్రిడ్‌లో మామూలు పద్ధతి ప్రకారం ఐమూలగా వెళ్ళినా గడికి 5 అడుగులే. అదే లెక్క పైకీ పెడితే రెండింటిలో పెద్దదే దూరం, అంటే 50. గ్రిడ్ లేకుండా నిజం దూరం కావాలంటే పైథాగరస్ లెక్క: 40, 50కి సుమారు 64 అడుగులు. 60 అడుగుల స్పెల్ మొదటి లెక్కలో అందుతుంది, రెండో లెక్కలో అందదు. డీఎంల గైడ్‌లో ఐమూలకి 5, 10, 5, 10 అని మార్చి మార్చి లెక్కించే పద్ధతి కూడా ఉంది. అందులో నాలుగు ఐమూలలు 30 అడుగులవుతాయి.

ఏది వాడాలో ఆట మొదలవకముందే మీ డీఎంతో తేల్చుకోండి, వైవర్న్ మీదకి దిగుతున్నప్పుడు కాదు. బొమ్మ పక్కన ఒక పాచిక పెట్టి, పై ముఖం మీది అంకెని పది అడుగుల లెక్కన ఎత్తు గుర్తుగా వాడుకోండి. 5 కనబడితే 50 అడుగులు. అది కిందికి దిగిన ప్రతిసారీ పాచిక తిప్పండి.